కుదురు మీద కుండ

అమ్మమ్మను బన్సీలాల్‌పేట శ్మశానానికి తీసుకుపోయిన రోజు ఆమె రోలు కూడా మా వెంట వచ్చింది. అరచేతిలో ఇమిడే ఇత్తడి రోలు, దానికో చిన్న రోకలి. పళ్లు ఊడిపోయాక ఆకూ వక్కా అందులోనే దంచుకునేది. తెల్లవారుజామున ఆ టకటక వినబడిందంటే రెజిమెంటల్ బజార్‌లో మా ఇల్లు లేచిందన్నమాట. పాడె కట్టేటప్పుడు అమ్మ ఎవరినీ అడగకుండా దాన్ని తెచ్చి అమ్మమ్మ కుడిచెయ్యి పక్కన పెట్టింది. కాటి దగ్గర ఒక పెద్దాయన చూసి, "ఇత్తడి కాలదు బిడ్డా, ఇంటికి తీస్కపో" అని నా చేతికిచ్చాడు. మామ నీళ్లకుండ భుజానికెత్తుకుని చితి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. చుట్టుకో చిల్లు, చిల్లుకో ధార. చివర్న వెనక్కి చూడకుండా కుండ వదిలేశాడు. పగిలిన చప్పుడు విన్నాక అందరం కదిలాం. నా జేబులో రోలు బరువుగా తగులుతూ ఉంది.

ఆ రాత్రి అరుగు మీద కూర్చుని మామ, "ఆ రోలు ఆమెతోని పోతే ఏం పోయేది? ఆమెదే కదా" అన్నాడు. మా మామ రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. మాట తక్కువ మనిషి. ఆ ఒక్క మాట అనడానికి పొద్దుటి నుంచి మోసుకు తిరిగినట్టున్నాడు.

"పోయినోళ్లతో పాటు వాళ్ల సామాను పంపిన మనుషులు మన దగ్గరే ఉన్నారు మామా. ఇక్కడికి ఏడెనిమిది కిలోమీటర్లు కూడా లేదు" అన్నాను. హస్మత్‌పేట రాళ్ల గురించి ఎప్పుడో చదివి ఉన్నాను. ఎన్నేళ్లుగానో అనుకోవడమే గాని పోయింది లేదు. నెలమాసికం అయ్యాక పోదామన్నాడు మామ.

రెజిమెంటల్ బజార్‌లో పుట్టిపెరిగినవాడికి పాతదనమంటే రెండువందల ఏళ్లు. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద మా సికింద్రాబాద్ వెలిసింది. పల్టన్ల చుట్టూ బజార్లు లేచాయి, మాదీ అందులో ఒకటి. 1874లో వాడి జంక్షన్ నుంచి రైలు వచ్చింది. 1897లో గడియారం స్తంభం నిలబడింది. మా చిన్నప్పుడు ఇంట్లో గడియారం అక్కర్లేదు, స్టేషన్ మైకులో ఏ బండి పేరు పిలుస్తున్నారో విని బడికి బయల్దేరేవాళ్లం. ఉజ్జయిని మహంకాళి బోనాలు కూడా 1813 నాటి కలరా మొక్కు నుంచి వచ్చినవేనని చెప్పుకుంటారు. అంతకు ముందు ఇక్కడ ఏముండేదని అడిగితే మా ఇంట్లో ఎవరైనా ఒకటే చెప్పేవాళ్లు: "ఏమున్నది, గుండ్లు, తుమ్మచెట్లు." ఆ గుండ్ల మధ్య మూడువేల ఏళ్ల కిందటి మనుషులు తమవాళ్లను దాచుకున్నారని నాకు నడివయసు వచ్చాక గాని తెలియలేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. బడిలో మొహెంజొదారో స్నానఘట్టం కొలతలు బట్టీ పట్టించారు. బస్సుకు ఇరవై నిమిషాల దూరంలో ఉన్నదాని పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

మాసికం అయిన తర్వాతి ఆదివారం, మామ గుండు మీద తెల్లటి మొలకలు వస్తున్న రోజుల్లో, పొద్దున్నే బయల్దేరాం. ప్యాట్నీ, ప్యారడైజ్, తాడ్‌బండ్ దాటి పాత బోయిన్‌పల్లి దగ్గర ఆటో మారాం. హస్మత్‌పేటలో దిగి దారి అడిగితే ఒకరు చెరువు వైపు చూపించారు, ఇంకొకరు గుడి వైపు. "పాత సమాధుల రాళ్లు" అంటే ఎవరికీ అర్థం కాలేదు. చివరికి ఒక ముసలమ్మ, గడప ముందు చేటలో బియ్యం చెరుగుతూ, చెయ్యి ఎత్తకుండా గడ్డంతోనే దారి చూపించింది. "గవి పాండవుల రాళ్లు బిడ్డా. మా అవ్వ గా దిక్కు పోనిచ్చేది కాదు."

ఇళ్లు మీద మీదికి వచ్చేసిన చోట కొంచెం ఖాళీ జాగా. గడ్డి, తుప్పలు. వాటి మధ్య ఒళ్లు సగం భూమిలో దాచుకున్న గుండ్లు. మొదట ఏమీ కనబడలేదు. మామ చుట్టూ చూసి, "గింతేనా?" అన్నాడు. నాకూ గొంతు పట్టేసినట్టయింది. ఇంత దూరం ఈ గుండ్ల కోసమా అనిపించింది. కొంచెం పక్కకి జరిగి ఎండ వాలుగా పడేవైపు నుంచి చూశాను. అప్పుడు ఒక గుండు పక్కన ఇంకో గుండు, దాని పక్కన ఇంకొకటి, వంపు తిరుగుతూ, చేతులు పట్టుకుని నిలబడ్డ పిల్లల్లాగా గుండ్రంగా కలిశాయి. లోపల నేల కొంచెం ఉబ్బి ఉంది. ఒకసారి ఆ గుండ్రం కంటికి దొరికాక ఇక వదలలేదు.

పుస్తకాల్లో వీటిని బృహత్ శిలా సమాధులంటారు. జనం మాటలో పాండవుల గుళ్లు, రాక్షస గుళ్లు. నాకు జనం మాటే నచ్చుతుంది, మామూలు మనుషులు ఎత్తలేని రాయిని ఎత్తినవాళ్లెవరు అన్న ఆశ్చర్యం అందులో ఉంది. కట్టే తీరు మామకు చెప్పాను. ముందు నేలలో మనిషి నిలువంత గొయ్యి తవ్వుతారు. అడుగున ఒక బండ పరుస్తారు. నాలుగు వైపులా నాలుగు పలకబండలు నిలబెడతారు. ఒక్కో పలక చివర రెండోదాన్ని దాటి కొంచెం బయటికి వచ్చేట్టు పెడితే బయటి మట్టి నెట్టుకొచ్చినా లోపలికి పడిపోవు, ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. కొన్నిచోట్ల ఒక పలకకు గుండ్రటి రంధ్రం తొలుస్తారు. లోపల పెట్టాల్సినవన్నీ పెట్టాక పైన మూతబండ. దాని మీద మట్టి, రాళ్ల గుట్ట. గుట్ట జారిపోకుండా చుట్టూ గుండ్ల వరస. మన కంటికి ఇప్పుడు కనిపించేది ఆ చివరి వరస ఒక్కటే.

"బండలెట్ల చీల్చిన్రు? గప్పుడు సుత్తెలు, మందుగుండు యాడిది?" అని అడిగాడు మామ. రైలు కట్టల కోసం కంకర కొట్టే క్వారీలు చూసిన మనిషి గనక ఆ సందేహం అతనికే రావాలి. ఇక్కడి నల్లరాయి రెండువందల యాభై కోట్ల ఏళ్ల నాటిది. ఎండకూ వానకూ ఉల్లిపొరల్లాగా లేస్తుంది. లేచిన పొర కింద కట్టెలు పేర్చి మంట పెట్టి, బాగా కాగాక నీళ్లు చల్లితే పలక విడుతుంది. ఇనుప ఉలి, గూటాలు తోడైతే ఇంకా తేలిక. ఇనుము వాళ్లకు తెలుసు. ఆ సమాధుల్లో ఎక్కువగా దొరికేదే ఇనుము.

మామ ఒక గుండు మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. తర్వాత చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. నేనేమీ చెప్పలేదు, ఆయనే విప్పాడు.

లోపల ఏముంటుందో కళ్లారా చూపించాలంటే మ్యూజియానికి పోవాలి. మరుసటి వారం పబ్లిక్ గార్డెన్స్‌కి తీసుకెళ్లాను. అక్కడ జనమంతా ఒకే గదిలో ఉన్నారు, ఈజిప్టు రాకుమారి నైషు మమ్మీ దగ్గర. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ వెయ్యి పౌండ్లకు కొని తెచ్చాడట. అద్దం పెట్టెలో ఉన్న, రెండువేల ఏళ్లు దాటిన ఆ పిల్లను తల్లులు తమ పిల్లల్ని ఎత్తుకుని చూపిస్తున్నారు. నేనూ చిన్నప్పుడు అలాగే చూశాను. మంచిదే, చూడాలి. అయితే ఆ పిల్ల పుట్టకముందే మన గుట్టల పక్కన తల్లులు తమ పిల్లలకు రాతిపెట్టెల్లో కుండలు సర్దారు. ఆ కుండలున్న అల్మారా ముందు నేనూ మామే ఉన్నాం.

అల్మారాలో ముందుగా కంటికి ఆనేవి నలుపు ఎరుపు కుండలు. వెలుపలి ఒళ్లు ఎరుపు, నోరు, లోపలి భాగం నలుపు. రంగు పూసినట్టుంటుంది గాని పూత కాదు. కుండను బోర్లించి కాలుస్తారు. బోర్లించిన నోటికి, లోపలికి గాలి ఆడదు, ఊక, ఆకులు, బూడిద మధ్య ఊపిరాడక అక్కడి మట్టి నల్లబడుతుంది. గాలి తగిలే వీపు ఎర్రగా కాలుతుంది. ఒకే మంటలో రెండు రంగులు. ఆ అంచు నున్నగా, గోరుతో గీసినా చారపడనట్టు మెరుస్తోంది. పలచన కూడా ఎంతో పలచన. ఇంత బాగా చేసిన కుండను మట్టిలో పెట్టి మూసేయడానికి మనసెట్లా వచ్చిందని ముందు అనిపిస్తుంది. కాసేపు చూస్తే దానికి జవాబు ఆ కుండే చెబుతుంది, పోయినవారికి పెట్టేది గనకే ఇంత బాగా చేశారు.

పక్కన గిన్నెలు, మూకుళ్లు, మూతలు. మూతకు పట్టుకునే బొడిపె. వాటి కింది అరలో నేను వెతుకుతున్నవి కనబడ్డాయి. మట్టితో చేసిన కుదుళ్లు. నడుం సన్నగా, రెండు పక్కలా వెడల్పుగా, డోలులా ఉన్నాయి. అడుగు గుండ్రంగా ఉండే కుండ నేల మీద నిలబడదు, దొర్లుతుంది. కుదురు పెడితే నిలబడుతుంది. పోయినవాళ్ల ఇంట్లో కుండ దొర్లకూడదని, అందులో పోసింది ఒలకకూడదని, కుండతో పాటు కుదురు కూడా లెక్కగా పెట్టారు. ఇది చూశాక నాకు మాట పడిపోయింది. మూతబండ ఎత్తిన బలం కంటే ఈ కుదురు పెట్టిన చెయ్యి నాకు పెద్దగా కనబడింది.

ఇనుప వస్తువులు మాత్రం చూడటానికి బాధగా ఉంటాయి. మూడువేల ఏళ్లు తడిమట్టిలో ఉండి తుప్పు ఉబ్బి, గొడ్డలో రాయో చెప్పలేని ముద్దలవుతాయి. అలవాటు పడిన కంటికి కొడవలి వంపు, బాణం ములికి మొన, ఉలి పొడుగు తెలుస్తాయి. ఇలాంటి గొడ్డళ్లలో కొన్నింటికి పిడికి బిగించడానికి చుట్టిన ఇనుప పట్టీలు కూడా మిగిలి ఉంటాయి. సేద్యం సామానూ, వేట సామానూ, వడ్రంగి సామానూ, అన్నీ పెట్టారు. మామ చాలాసేపు కొడవలి దగ్గరే నిలబడ్డాడు. "గిది మన కొడవలే. పండ్లు లేవు గని" అన్నాడు. ఇనుముతో మనవాళ్ల బంధం అక్కడితో ఆగలేదు. ఆ తర్వాత ఎన్నో వందల ఏళ్లకు నిజామాబాద్ దగ్గర కోనసముద్రం ఉక్కు దూరదేశాలకు పోయింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోనే కె.పి. రావు గారు తవ్విన సమాధిలో దొరికిన ఇనుము మనం అనుకున్నదానికంటే చాలా పాతదని చెప్పారు, దాని మీద పండితుల చర్చ ఇంకా నడుస్తోంది.

పూసలు కొన్ని ఉన్నాయి, ఎర్ర అకీకు రాయివి. ఇంత చిన్న రాయికి నిలువునా బెజ్జం తొలవడానికి ఎన్ని రోజులు పట్టిందో. 2017లో సిద్దిపేట జిల్లా నర్మెట్టలో పురావస్తు శాఖవాళ్లు తవ్వినప్పుడు నలభై టన్నులు దాటిన మూతబండను క్రేన్ పెట్టి తీయాల్సి వచ్చింది. దాని కింద ఎముకతో చెక్కిన చిన్న చిన్న నగల ముక్కలు దొరికాయి. అంత పెద్ద బండ కింద అంత చిన్న పూస. అక్కడి ఎముకల్ని డీఎన్‌ఏ పరీక్ష కోసం సీసీఎంబీకి పంపారు.

ఒక కుండ భుజం మీద గీత ఉంది. త్రిశూలంలా మూడు గీతలు, కాల్చాక గీసినట్టుంది. ఇలాంటి గుర్తుల్ని తొలిరోజుల్లోనే పట్టించుకుని వరసగా పట్టిక వేశారు నిజాం పురావస్తు శాఖను నడిపిన గులాం యాజ్దానీ గారు, 1917లో హైదరాబాద్ ఆర్కియలాజికల్ సొసైటీ పత్రికలో. కొన్ని గుర్తులు బ్రాహ్మి అక్షరాల్ని పోలి ఉన్నాయని ఆయన గమనించారు. అవి అక్షరాలో, ఇంటి గుర్తులో, కుమ్మరి గుర్తులో తేలలేదు. మా ఇంట్లో గిన్నెల మీద అమ్మమ్మ పేరు చుక్కలతో కొట్టించి ఉంటుంది, పెళ్లిళ్లకు అరువు ఇస్తే మారిపోకుండా. ఆ కుండ మీది గీత కూడా 'ఇది మావాళ్లది' అనే చెబుతోందని నా మనసుకు అనిపిస్తుంది.

బయటికి వచ్చాక మామ అన్నాడు, "రాళ్లు చూసినం, కుండలు చూసినం. రెండూ ఒక్కకాడ చూడాలె." అట్లాంటి చోటు ఆయన ముప్పై ఏళ్లు తిరిగిన లైను మీదే ఉంది. రాయగిరి.

కాజీపేట పుష్‌పుల్ ఎక్కాం. ఇప్పుడు ఆ స్టేషన్‌ను యాదాద్రి అంటున్నారు, యాదగిరిగుట్టకు పోయే భక్తులు దిగేది అక్కడే. బండి మౌలాలి దగ్గర మెల్లగా సాగింది. గుట్ట మీద దర్గా తెల్లగా కనబడింది. కుతుబ్‌షాహీల కాలం నుంచి జనం మొక్కుకునే గుట్ట అది. అంతకు ముందు ఇనుపయుగం వాళ్లు కూడా ఆ గుట్ట వాలుల్లోనే తమవాళ్లను పెట్టుకున్నారు. నిజాం కాలంలో అక్కడ రాతిపెట్టె సమాధులు తవ్వి తీశారు. మామ కిటికీలోంచి చూస్తూ, "గీ యార్డుల ఎన్ని రాత్రులు సిగ్నల్ కోసం నిలబడ్డనో" అన్నాడు. ఘట్‌కేసర్, బీబీనగర్ దాటాయి. భువనగిరి కోటబండ ఏనుగు వీపులా వచ్చి పోయింది.

దారిలో ఆయనకు మెడోస్ టేలర్ కథ చెప్పాను. నిజాం కొలువులో పనిచేసిన ఆంగ్లేయుడు. సురపురం సంస్థానం చూసుకుంటూ 1850లలో జేవర్గి దగ్గర ఇలాంటి సమాధులు తవ్వించాడు. నిధుల కోసం కాదు. తవ్విన గొయ్యిని నిలువునా కోసినట్టు బొమ్మ గీసి ఏ పొరలో రాళ్లున్నాయో, ఏ పొరలో ఎముకలున్నాయో, కుండ ఏ మూల ఉందో చూపించాడు. ఆ రోజుల్లో అలా గీసినవాళ్లు లోకంలోనే చాలా తక్కువమంది. వందేళ్లకు పురావస్తు శాస్త్రవేత్త మోర్టిమర్ వీలర్ ఆ బొమ్మల్ని మెచ్చుకుని తన పుస్తకంలో వేసుకున్నాడు. అయితే టేలర్ ఈ రాళ్లను చూసి తన దేశపు పాత తెగల రాళ్లే గుర్తు తెచ్చుకున్నాడు, ఆ తెగలకు దగ్గరివాళ్లెవరో బయటి నుంచి వచ్చి కట్టారేమో అనుకున్నాడు. ఇక్కడివాళ్లు ఇక్కడే కట్టుకుని ఉంటారన్న ఆలోచన అప్పటివాళ్లలో చాలామందికి రాలేదు. ఇక మేం పోతున్న రాయగిరిలో తవ్వింది డాక్టర్ ఇ.హెచ్. హంట్. మొదటి ప్రపంచయుద్ధం నాటి మాట. వృత్తి వైద్యం, ఆసక్తి ఈ సమాధులు. తను చూసినవి 1924లో లండన్ పత్రికలో వివరంగా రాశాడు.

స్టేషన్ నుంచి ఊరు దాటి నడిచాం. ఎండ ముదిరింది. ఎర్రమట్టి రోడ్లు, రోడ్ల పక్కన తెల్లరంగు వేసిన హద్దురాళ్లు, వరసగా ప్లాట్లు. ఆ హద్దురాళ్లకు పోటీగా కొంచెం పైన, తంగేడు పొదల్లో, పాత గుండ్ల వలయాలు. ఈసారి కన్ను పట్టింది. ఒకటి, రెండు, ఏడు. ఒకచోట సగం వలయమే ఉంది, మిగతా సగం మీద రోడ్డు పోయింది. ఇంకోచోట వలయం మొత్తం ఉంది గాని లోపల గుట్ట లేదు, ఎవరో ఎప్పుడో రాళ్లు తీసుకుపోయి ఉంటారు. పునాదికి, గోడకు, కంకరకు రాయి కావాలి, చేతికందిన చోట తీసుకుంటారు, వాళ్లకు అది గుండే గాని గోరీ అని తెలియదు. చెప్పాల్సినవాళ్లం చెప్పలేదు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో చెప్పడానికి లేని కోపం.

ఒక వలయం నడుమ పెట్టె బయటపడి ఉంది. మూతబండ లేదు. మూడు పలకలు నిలబడి ఉన్నాయి, నాలుగోది లోపలికి ఒరిగింది. అడుగున మట్టి, ఎండుటాకులు, ఒక ప్లాస్టిక్ కవరు. మామ దిగి ఆ కవరు తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత సూర్యుణ్ణి, తన నీడను చూసుకుని, "ఉత్తరం దక్షిణం ఉన్నది పెట్టె" అన్నాడు. గార్డు కదా, దిక్కు తప్పడు. ఉత్తరం వైపు తల పెట్టి పడుకోవద్దని అమ్మమ్మ ఎన్నిసార్లు లేపి మంచం తిప్పించిందో ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. ఆ కట్టడికీ ఈ పెట్టెకూ చుట్టరికం ఉందని నేను ప్రమాణం చేసి చెప్పలేను. అక్కడ నిలబడ్డప్పుడు మాత్రం ఉందనిపించింది.

పలక లోపలి మొహం మీద చెయ్యి పెట్టి చూశాను. బయటి వైపు గరుకుగా, పొక్కులు పొక్కులుగా ఉంది. లోపలి వైపు మాత్రం చదును. ఎవరూ చూడబోని వైపు, చీకట్లో ఉండిపోయే వైపు చదును చేశారు. పలక మూలలో మట్టి రాలిన చోట గోరంత పెంకు కనబడింది. అర అంగుళం ఉంటుందేమో. ఒక పక్క ఎరుపు, ఒక పక్క నలుపు. మ్యూజియం అల్మారాలో చూసిన కుండే, నా కాళ్ల దగ్గర. తీయలేదు. మట్టి కొంచెం మీదికి తోశాను.

అప్పుడు మామ అడిగాడు, "మనిషిని మొత్తం పెట్టేటోళ్లా, కాల్చి పెట్టేటోళ్లా?"

రెండూ కాదు, చాలాచోట్ల ఇంకో పద్ధతి ఉందని చెప్పాను. ముందు శవాన్ని ఎక్కడో ఉంచుతారు, లేక పూడుస్తారు. కండ కరిగిపోయాక ఎముకలు ఏరి, వాటిని కుండలోనో, కాళ్లున్న మట్టితొట్టిలోనో, పలకల మధ్య నేల మీదో అమర్చుతారు. ఒక్కో పెట్టెలో ఇద్దరు ముగ్గురి ఎముకలు దొరుకుతాయి. అన్నీ ఉండవు, కొన్నే ఉంటాయి. పుర్రె, పొడుగు ఎముకలు. పక్కన తిండి కుండలు, వాడుకున్న కత్తి, కొడవలి. అట్లా మళ్లీ మళ్లీ తెరిచి, తమవాళ్లను తెచ్చి పెట్టుకున్నారేమో.

మామ చాలాసేపు మాట్లాడలేదు. "మూడో రోజు నేను జేసిందేంది?" అన్నాడు చివరికి. "బూడిదల చెయ్యి పెట్టి బొక్కలేరిన. తలకాయ కాడివి, రొమ్ము కాడివి, చేతులవి, కాళ్లవి. పాలు చల్లి చిన్నముంతల వేసిన. ఎర్రబట్ట కట్టి బాసర తీస్కపోయిన. మేం గోదావరిల కలిపినం, వీళ్లు ఈడ పెట్టుకున్నరు. గంతే కదా తేడా?"

ఆయన ముంత పట్టుకుని రైలెక్కిన రోజు నాకు తెలుసు. సీటు మీద పెట్టకుండా, బాసర దాకా ఒళ్లోనే పెట్టుకున్నాడు.

తినడానికి అమ్మ కట్టిచ్చిన చింతపండు పులిహోర ఉంది. వలయం బయట, వేపచెట్టు కింద కూర్చున్నాం. తినేముందు మామ ఒక ముద్ద తీసి ఆకులో పెట్టి, పెట్టె మూల దగ్గరి రాయి మీద ఉంచి వచ్చాడు. మాసికం నాడు కాకి కోసం పెట్టినట్టు. మేం తింటుండగానే గోరువంకలు రెండు వచ్చి తినిపోయాయి.

మేక పిల్లల్ని తోలుకుపోతున్న ఒక కుర్రవాడు ఆగి, "ఏం జూస్తున్నరు సార్? ఏమన్న దొరుకుతదా?" అని అడిగాడు. బంగారం ఉంటుందని కొందరు రాత్రిపూట తవ్వుతారట. బంగారం ఉండదు తమ్మీ, కుండలుంటాయి, ఎముకలుంటాయి, పోయినోళ్ల ఇండ్లు ఇవి అని మామ చెప్పాడు. ఆ కుర్రవాడు వలయం వైపు ఒకసారి చూసి, లోపలికి పోయిన మేకపిల్లను కర్రతో అదిలించి బయటికి తోలాడు.

వెనక్కి వచ్చేటప్పుడు బండిలో జనం ఎక్కువ. గుట్ట నుంచి వచ్చే భక్తులు, చేతుల్లో ప్రసాదం పొట్లాలు. నిలబడే వచ్చాం. ముడుమాల్ పోదామన్నాను. నారాయణపేట జిల్లాలో, కృష్ణ ఒడ్డున. అక్కడ మనిషికి రెండింతల ఎత్తు నిలువురాళ్లున్నాయి, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. అక్కడ ఒక బండ మీద తొలిచిన గుంతలు సప్తర్షి మండలంలా ఉన్నాయంటారు. మామ తల ఊపాడు. మోకాళ్లు నొప్పి పెడుతున్నాయని మాత్రం చెప్పలేదు.

రెజిమెంటల్ బజార్‌కి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. స్టేషన్ మైకులో ఏదో బండి ఆలస్యమని మూడు భాషల్లో చెబుతున్నారు. అమ్మ కాళ్లు కడుక్కోమని వాకిట్లోనే చెంబుతో నీళ్లిచ్చింది. మామ లోపలికి రాగానే నిచ్చెన వేసుకుని అటక ఎక్కాడు. దుమ్ము, పాత ట్రంకుపెట్టెలు, విరిగిన కుర్చీ పక్కకి జరిపిన చప్పుళ్లు వినబడ్డాయి. దిగేటప్పుడు చేతిలో కుదురుంది. అమ్మమ్మది. నడుం సన్నటి మట్టికుదురు, ఒక పక్క చిన్న పెచ్చు ఊడింది. ఫ్రిజ్ కొన్న ఏడాది దాన్ని అటకెక్కించాం.

మామ దాన్ని నీళ్లతో కడిగి వంటింటి మూలలో పెట్టాడు. అమ్మ ఎండాకాలానికని మోండా మార్కెట్ నుంచి తెచ్చిన కొత్తకుండను దాని మీద పెట్టి నీళ్లు పోసింది. కుండ ఒక పక్కకి ఒరిగింది. మామ ఒంగి, పెచ్చు ఊడిన వైపు గోడకు వచ్చేట్టు కుదురును కొంచెం తిప్పాడు. కుండ నిలబడింది. నేను జేబులోంచి రోలు తీసి కుండ పక్కన పెట్టాను. ఇన్నాళ్లూ అది నా దగ్గరే ఉంది.

"ఆకున్నదా ఇంట్ల?" అని మామ అమ్మను అడిగాడు.